భాగం 9: కారులో మీటర్లు, స్విచ్చులు – సెంటర్ కన్సోల్ చరిత్ర

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 బురద పలక నుంచి డ్యాష్‌బోర్డు వరకు
9.3 మీటరు పనిచేసే తీరు
9.4 ఎండిన సరస్సుల మీద పందేలు
9.5 ముల్లా? ఎర్ర దీపమా?
9.6 సెంటర్ కన్సోల్‌లోకి మీటర్లు
9.7 స్విచ్చులు, ప్రమాదాలు, చట్టాలు
9.8 అమరిక నేర్పిన పాఠాలు
9.9 తెరల కాలం
9.10 మన దేశంలో
9.11 సారాంశం
9.12 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
9.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు
9.14 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.

• మోటారు కారులో మీటర్లు ఏ అవసరాల వల్ల, ఏ క్రమంలో వచ్చాయో వివరించడం.
• యజమానులు సొంతంగా అదనపు మీటర్లు, స్విచ్చులు పెట్టుకునే అలవాటు ఎలా మొదలైందో చెప్పడం.
• భద్రతా చట్టాలు కారు లోపలి రూపాన్ని ఎలా మార్చాయో విశ్లేషించడం.
• ఒక వస్తువును చారిత్రక ఆధారంగా చదవడం.

9.1 పరిచయం

మీరు ఎప్పుడో ఒకప్పుడు లారీలోనో, టాక్సీలోనో డ్రైవరు పక్క సీటులో కూర్చుని ప్రయాణం చేసే ఉంటారు. స్టీరింగు వెనుక మీటర్లుంటాయి. గేరు రాడ్డు దగ్గర, వాహనం కొన్న తరువాత యజమాని పెట్టించుకున్న ఒకటి రెండు స్విచ్చులు కూడా ఉండవచ్చు. ఒకటి పొగమంచు దీపాలకు, ఇంకొకటి అదనపు ఫ్యానుకు. వాటి కింద నుంచి నల్లటి టేపు చుట్టిన వైర్లు లోపలికి పోతుంటాయి. వీటిని చరిత్ర విద్యార్థి దృష్టితో చూడాలని మనకు సాధారణంగా తోచదు.

గత భాగాలలో మనం రైలు, టెలిగ్రాఫు, కుట్టు మిషను వంటి యంత్రాలు సమాజంలోకి ఎలా వచ్చాయో చూశాం. ఈ భాగంలో యంత్రానికీ మనిషికీ మధ్య ఉండే ఒక చిన్న స్థలాన్ని తీసుకుంటున్నాం. కారులో రెండు ముందు సీట్ల మధ్య, గేరు రాడ్డు చుట్టూ ఉండే భాగాన్ని సెంటర్ కన్సోల్ అంటారు. గత అరవై ఏళ్లుగా వాహనప్రియులు సొంత మీటర్లు, స్విచ్చులు పెట్టుకోవడానికి ఎంచుకున్న చోట్లలో ఇది ముఖ్యమైనది. ఆ స్థలం గురించి ఈ భాగమంతటా మనం అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంజను లోపల ఏం జరుగుతోందో ఎవరికి, ఎంతవరకు తెలియాలి? నడిపేవాడికి అంతా తెలియాలా, లేక అవసరమైనంతే తయారీదారు చెబితే చాలా? ఈ ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు ఇచ్చింది. కొన్ని జవాబులకు మనుషులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు.

9.2 బురద పలక నుంచి డ్యాష్‌బోర్డు వరకు

'డ్యాష్‌బోర్డు' అనే మాట కారు కంటే పాతది. గుర్రపు బగ్గీ పరుగెడుతుంటే గుర్రం గిట్టలు బురదను, గులకరాళ్లను వెనక్కి చిమ్మేవి. అవి బండివాడి మీద పడకుండా ముందు భాగంలో ఒక చెక్క పలకనో, తోలు పలకనో నిలబెట్టేవారు. ఇంగ్లీషులో ఆ చిమ్మడాన్ని 'డ్యాష్' అంటారు కాబట్టి ఆ పలక డ్యాష్‌బోర్డు అయింది. గుర్రం పోయి ఇంజను వచ్చినా పలక మిగిలింది. ఖాళీగా ఉన్న ఆ పలక మీదకే మెల్లగా మీటర్లు చేరాయి.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల కారుకు మీటర్ల ఫలకం లేదు. ఇంజను చప్పుడు, వాసన, చేతికి తగిలే అదురు – ఇవే నడిపేవాడికి సమాచారం. ఆ తరువాత వచ్చిన కొన్ని కార్లలో గాజు గొట్టంలో నూనె బొట్లు బొట్లుగా పడటం కనిపించేది. బొట్లు పడుతున్నంతసేపు ఇంజనుకు నూనె అందుతున్నట్టు లెక్క.

వేగాన్ని చూపే మీటరు మరో కారణంగా ముఖ్యమైంది. 1901లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం కార్ల వేగానికి పరిమితి పెట్టింది: పట్టణాలలో గంటకు 12 మైళ్లు, బయట 15 మైళ్లు. బ్రిటన్‌లో 1903 నాటి మోటారు కారు చట్టం గంటకు 20 మైళ్ల పరిమితిని నిర్ణయించింది. పరిమితి దాటాడని పోలీసు అంటే, దాటలేదని చెప్పడానికి నడిపేవాడి దగ్గర ఒక కొలత ఉండాలి కదా! ఈ కాలంలోనే, 1902లో, స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన ఒట్టో షుల్జే స్పీడోమీటరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడిన సూత్రం ఎనభై ఏళ్లపాటు కార్లలో నిలిచింది.

ఇక అత్యధికంగా అమ్ముడైన ఫోర్డ్ మోడల్ టి సంగతి చూడండి. 1908 నుంచి 1927 వరకు ఒకటిన్నర కోట్లకు పైగా తయారైన ఈ కారులో సాధారణంగా పెట్రోలు మీటరు ఉండేది కాదు. ముందు సీటు ఎత్తి, ట్యాంకు మూత తీసి, ఒక పుల్ల ముంచి చూసుకోవాలి. ఆయిల్ ఎంత ఉందో తెలియాలంటే ఇంజను కింద ఉన్న చిన్న కొళాయిలు తిప్పి చూడాలి. 1919లో విద్యుత్ స్టార్టరు అందుబాటులోకి వచ్చాక అమ్మీటరు కూడా వచ్చింది. చాలా మోడల్ టి కార్ల డ్యాష్‌బోర్డు మీద ఉన్న ఒకే ఒక మీటరు అదే.

కారుతో రాని మీటరును యజమాని తానే కొని పెట్టుకోవడం కూడా ఈ కాలంలోనే మొదలైంది. 1912లో హ్యారిసన్ బోయ్స్ పేటెంటు పొందిన 'మోటోమీటరు' దీనికి మంచి ఉదాహరణ. ఇది రేడియేటరు మూత మీద బిగించే ఉష్ణమాపకం. లోపలి ఆవిరి వేడెక్కేకొద్దీ ఎర్రటి ద్రవం పైకి లేచేది. సీటులో కూర్చునే, ముందు అద్దంలో నుంచి చూసి, ఇంజను మరిగిపోకముందే కారు ఆపుకోవచ్చు. అంటే అదనపు మీటరు మొదట్లో అలంకారం కాదు. తయారీదారు చెప్పని సంగతిని తెలుసుకునే సాధనం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) 'డ్యాష్‌బోర్డు' అనే మాట ఎలా వచ్చింది?
(ఆ) మోడల్ టి యజమాని పెట్రోలు ఎంత ఉందో ఎలా తెలుసుకునేవాడు?

9.3 మీటరు పనిచేసే తీరు

మీటరు లోపల ఏముందో తెలిస్తే తరువాతి చరిత్ర సులభంగా అర్థమవుతుంది. పాత మీటర్లలో మూడు సూత్రాలు ప్రధానమైనవి.

మొదటిది బోర్డాన్ గొట్టం. 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బోర్డాన్ ఆవిరి యంత్రాల కోసం దీనికి పేటెంటు పొందాడు. వంకర తిప్పి, నొక్కి చదును చేసిన లోహపు గొట్టంలోకి ఒత్తిడి చేరితే అది కొద్దిగా నిటారవుతుంది. పిల్లలు ఊదితే విచ్చుకునే కాగితపు బూరను గుర్తుచేసుకోండి. ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. కారు ఆయిల్ ప్రెషర్ మీటరు ఇదే. అయితే ఇది పనిచేయాలంటే ఇంజనులోని వేడి నూనె సన్నటి గొట్టం గుండా మీటరు దాకా, అంటే మనుషులు కూర్చునే చోటికి, రావాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి. 9.8లో మళ్లీ చూద్దాం.

రెండోది షుల్జే సూత్రం. చక్రాలతో పాటు తిరిగే ఒక కేబులు చివర అయస్కాంతం ఉంటుంది. దాని మీద, తాకకుండా, అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో విద్యుత్ సుడులు పుట్టి దాన్ని తమ వెంట లాగుతాయి. ఒక సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. ఈ రెండు బలాలూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది.

మూడోది విద్యుత్ మీటరు. పెట్రోలు ట్యాంకులో తేలే బిళ్ల పైకీ కిందికీ కదిలినప్పుడు ఒక నిరోధకం విలువ మారుతుంది. ఆ మార్పును బట్టి డ్యాష్‌బోర్డులోని ముల్లు కదులుతుంది. ఇక్కడ నూనె గాని, పెట్రోలు గాని లోపలికి రావు. వైరు మాత్రమే వస్తుంది.

9.4 ఎండిన సరస్సుల మీద పందేలు

1932లో ఫోర్డ్ కంపెనీ తక్కువ ధరకే ఎనిమిది సిలిండర్ల కారును మార్కెట్లోకి తెచ్చింది. కొన్నేళ్లలోనే ఆ కార్లు పాతవై, దక్షిణ కాలిఫోర్నియాలోని కుర్రకారుకు చవకగా దొరికాయి. వారు మడ్‌గార్డులు పీకేసి, ఇంజను శక్తి పెంచి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల మీద వేగం పందేలు వేసేవారు. ఈ పందేలను ఒక పద్ధతిలో నడపడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. ఇటువంటి కార్లకే 'హాట్ రాడ్' అనే పేరు స్థిరపడింది.

ఇంజను శక్తి పెంచినవాడికి కంపెనీ ఇచ్చిన మీటర్లు చాలవు. శక్తి పెరిగితే వేడి పెరుగుతుంది, ఆయిల్ మీద భారం పెరుగుతుంది. ఆయిల్ ఒత్తిడి పడిపోయినట్టు కొద్ది క్షణాలు ఆలస్యంగా తెలిసినా బేరింగులు అరిగి ఇంజను పట్టేస్తుంది. నెలల తరబడి దాచుకున్న కూలి డబ్బు ఆ ఇంజనులోనే ఉంది. అందుకే వారు షికాగోలోని స్టూవర్ట్ వార్నర్ వంటి సంస్థల మీటర్లు విడిగా కొని, అల్యూమినియం రేకును కోసి, రంధ్రాలు చేసి, వరసగా అమర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగులు సైనిక సామగ్రి చవకగా అమ్మకానికి వచ్చింది. విమానాల మీటర్లు, టాగుల్ స్విచ్చులు కొందరి కార్లలోకి చేరాయి. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పత్రిక మొదలై, ఒక ఊరి గ్యారేజీలో కనిపెట్టిన పద్ధతిని దేశమంతటికీ చేర్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ పని చేసినవారిలో చాలామంది ఇంజనీర్లు కారు. వారు మెకానిక్కులు, ఫ్యాక్టరీ కార్మికులు, సైన్యం నుంచి తిరిగివచ్చిన యువకులు. యంత్రం గురించిన జ్ఞానం కంపెనీ గోడలు దాటి సామాన్యుడి చేతికి వచ్చిన సందర్భాలలో ఇది ఒకటి.

9.5 ముల్లా? ఎర్ర దీపమా?

సరిగ్గా ఇదే కాలంలో తయారీదారులు ఎదురు దిశలో నడిచారు. 1930వ దశకంలో అమెరికాలోని హడ్సన్ కంపెనీ ఆయిల్ ఒత్తిడికి, బ్యాటరీ ఛార్జింగుకు మీటర్లకు బదులు ఎర్ర దీపాలు పెట్టింది. యుద్ధానంతరం ఈ పద్ధతి బాగా వ్యాపించింది. దీపం చవక. పైగా చాలామంది ముల్లును పట్టించుకోరు, వెలిగిన ఎర్ర దీపాన్ని మాత్రం చూస్తారు. ఇది కంపెనీల వాదన.

వాహనప్రియులు ఈ దీపాలకు ఇంగ్లీషులో 'ఇడియట్ లైట్లు', అంటే మూర్ఖుల దీపాలు అని పేరు పెట్టారు. వారి వాదనలోనూ బలముంది. ముల్లు జరుగుతున్న మార్పును చూపుతుంది. రోజూ సగానికి ఉండే ముల్లు ఇవాళ పావు దగ్గర ఉంటే, ముంచుకొచ్చే ముప్పును ముందే పసిగట్టవచ్చు. దీపం ముప్పు వచ్చాకే వెలుగుతుంది.

ఈ వివాదంలో ఎవరు ఒప్పు అని తేల్చడం కంటే, రెండు పక్షాలూ నడిపేవాణ్ణి ఎలా ఊహించుకున్నాయో గుర్తించడం చరిత్ర విద్యార్థిగా మీకు ముఖ్యం. ఒకరి ఊహలో డ్రైవరు ఇంజనుతో సంభాషించే పనివాడు. మరొకరి ఊహలో అతడు ఆఫీసుకు పోయే వినియోగదారుడు. ఇద్దరూ వాస్తవంగా ఉన్నవారే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) హాట్ రాడ్ యువకులకు అదనపు మీటర్లు ఎందుకు అవసరమయ్యాయి?
(ఆ) ముల్లు ఇచ్చే సమాచారానికీ, దీపం ఇచ్చే సమాచారానికీ తేడా ఏమిటి?

9.6 సెంటర్ కన్సోల్‌లోకి మీటర్లు

1960వ దశకంలో ముందు వరసలో ఒకే పొడవాటి సీటుకు బదులు విడివిడి సీట్లున్న స్పోర్ట్స్ తరహా కార్లకు గిరాకీ పెరిగింది. గేరు రాడ్డు నేల మీదకు వచ్చింది. గేరుబాక్సును, వెనుక చక్రాలకు పోయే షాఫ్టును కప్పే ఉబ్బు రెండు సీట్ల మధ్య ఎలాగూ ఉంది. దాని మీద ఒక తొడుగు వేస్తే కన్సోల్ తయారైంది. డ్రైవరు చేతికి అందే కొత్త స్థలం దొరికింది.

వాహనప్రియులు మూడు మీటర్ల రేకును డ్యాష్‌బోర్డు కింద, కన్సోల్ పైన బిగించుకోవడం మామూలైంది: ఆయిల్ ప్రెషర్, నీటి వేడి, అమ్మీటరు. ఈ గిరాకీని కంపెనీలూ గమనించాయి. 1967 మోడల్‌గా వచ్చిన షెవ్రొలే కమారోలో అదనపు ధర చెల్లిస్తే కన్సోల్ ముందు భాగంలోనే మీటర్లు అమర్చి ఇచ్చేవారు. గ్యారేజీలో పుట్టిన అలవాటు ఫ్యాక్టరీ ధరల పట్టికలోకి ఎక్కింది.

కన్సోల్‌లో ఒక లోపముంది. అది కిందికి ఉంటుంది. ముల్లు చూడాలంటే చూపు రోడ్డు మీద నుంచి మోకాలి వైపు దించాలి. అందుకే అనుభవజ్ఞులు ఒక నియమం పాటించారు. క్షణక్షణం చూడవలసిన ఆర్‌పీఎం మీటరును కంటి ఎత్తులో ఉంచి, అప్పుడప్పుడు చూసే వేడి, ఓల్టేజి మీటర్లను కన్సోల్‌లో పెట్టారు. పందెపు కార్లలో మరో ఉపాయం కనిపిస్తుంది. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ముళ్లన్నీ ఒకే దిక్కుకు నిలిచేలా మీటర్లను తిప్పి బిగిస్తారు. అప్పుడు అంకెలు చదవనక్కరలేదు. వరస తప్పిన ముల్లు దానంతటదే కంటపడుతుంది.

ఈ అమరికలు విస్తరించడానికి కొలతల ప్రామాణీకరణ తోడ్పడింది. చిన్న మీటర్లకు 52 మిల్లీమీటర్ల వ్యాసం వాడుకలో స్థిరపడింది. కారు రేడియోకు జర్మన్ ప్రమాణం నుంచి వచ్చిన 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు గల గూడు ప్రపంచమంతటా వ్యాపించింది. రేడియో తీసేసి అదే గూడులో మీటర్ల పలకను బిగించుకునే వీలు కలిగింది. ఒక దేశంలో చేసిన మీటరు మరో దేశపు కారులో ఇమిడింది.

9.7 స్విచ్చులు, ప్రమాదాలు, చట్టాలు

స్విచ్చుల కథకు మూలం యుద్ధ విమానాలలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బి-17 బాంబర్లు నేలకు దిగిన తరువాత, పైలట్లు ఫ్లాపులను మూయబోయి చక్రాలను లోపలికి మడిచిన సంఘటనలు జరిగాయి. మొదట పైలట్ల పొరపాటే అనుకున్నారు. ఆల్ఫాన్స్ చాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలిస్తే ఆ రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడి, ఫ్లాపు మీటకు ఫ్లాపు ఆకారపు పిడి తగిలించడమే ఆయన చూపిన పరిష్కారం. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ విమాన మీటర్లు చదవడంలోనూ, మీటలు వాడటంలోనూ జరిగే పొరపాట్లపై అధ్యయనాలు వెలువరించారు. 'మనిషి పొరపాటు' అని మనం అనేదానిలో చాలా భాగం అమరిక పొరపాటు అనే ఆలోచన ఇలా బలపడింది.

కార్లకు ఈ పాఠం ఆలస్యంగా చేరింది. అప్పటి కార్ల డ్యాష్‌బోర్డులు గట్టి లోహంతో, ముందుకు పొడుచుకు వచ్చిన గుబ్బలతో, మెరిసే పూతలతో ఉండేవి. సీటు బెల్టు లేని ఆ రోజుల్లో కారు గుద్దుకుంటే ప్రయాణికుడి ముఖం, ఛాతీ, మోకాళ్లు వాటికే తగిలేవి. 1965లో రాల్ఫ్ నేడర్ తన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' గ్రంథంలో కార్ల నిర్మాణంలోని ఇటువంటి లోపాలను ఎత్తిచూపాడు. 1966 సెప్టెంబరులో అమెరికా జాతీయ ట్రాఫిక్, మోటారు వాహన భద్రతా చట్టాన్ని చేసింది. 1968 జనవరి 1 నుంచి తయారైన కార్లకు తొలి ప్రమాణాలు వర్తించాయి. వాటిలో 101వ ప్రమాణం మీటలు, స్విచ్చులు ఎక్కడ, ఎలా గుర్తుపట్టేలా ఉండాలో చెబుతుంది. 201వ ప్రమాణం కారు లోపలి భాగాలకు మనిషి తగిలినప్పుడు గాయం తగ్గేలా ఉండాలంటుంది.

ఫలితం జాగ్వార్ ఈ-టైప్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1961లో వచ్చిన ఈ బ్రిటిష్ కారు మధ్య ఫలకం మీద విమానంలో లాగా టాగుల్ స్విచ్చుల వరస ఉండేది. చూడటానికి అందంగా ఉండేది. కాని అన్నీ ఒకేలా ఉండేవి, అన్నీ బయటికి పొడుచుకు వచ్చేవి. అమెరికన్ నియమాల కారణంగా 1968 ప్రాంతంలో వాటి స్థానంలో, ఇంటి గోడ స్విచ్చుల్లా చదునుగా ఒదిగే రాకర్ స్విచ్చులు వచ్చాయి. పాత కార్లను ప్రేమించేవారు నేటికీ టాగుల్ స్విచ్చులనే కోరుకుంటారు. కాని ఆ మార్పు వెనుక ఆసుపత్రులకు చేరిన మనుషులున్నారని మరచిపోకూడదు.

9.8 అమరిక నేర్పిన పాఠాలు

సొంతంగా మీటర్లు పెట్టుకున్నవారు మరికొన్ని పాఠాలు గ్యారేజీలోనే నేర్చుకున్నారు. వీటిలో ప్రతి నియమం వెనుక ఒక ప్రమాదం ఉంది.

(1) నూనె గొట్టం: బోర్డాన్ తరహా ఆయిల్ మీటరును కన్సోల్‌లో పెడితే వేడి నూనె మోకాళ్ల దగ్గరికి వస్తుంది. గొట్టం పగిలితే కాళ్లు కాలతాయి. ఇంజను నూనె కోల్పోతుంది. అందుకే ఇంజను దగ్గరే సెండర్ బిగించి వైరు మాత్రమే లోపలికి తెచ్చే పద్ధతి మేలనిపించుకుంది. పెట్రోలు ఒత్తిడి మీటరు విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. పెట్రోలు గొట్టాన్ని మనుషులు కూర్చునే చోటికి తేకూడదు.

(2) అమ్మీటరు: బ్యాటరీకి వచ్చే, పోయే కరెంటు దాదాపు మొత్తం అమ్మీటరు గుండానే ప్రవహించాలి. డైనమోల రోజుల్లో ఆ కరెంటు తక్కువ. 1960లో క్రైస్లర్ సంస్థ వేలియంట్ కారులో ఆల్టర్నేటర్‌ను ప్రవేశపెట్టింది. తరువాత ఇది సర్వసాధారణమైంది. కరెంటు పెరిగేకొద్దీ, వదులైన ఒక్క నట్టు దగ్గర వైరు వేడెక్కి డ్యాష్‌బోర్డు వెనుక నిప్పు పుట్టే ముప్పు పెరిగింది. ఓల్టు మీటరుకు అతి స్వల్ప కరెంటు చాలు. సన్నటి వైరు, చిన్న ఫ్యూజు సరిపోతాయి. కాబట్టి క్రమంగా అమ్మీటరు స్థానంలో ఓల్టు మీటరు స్థిరపడింది.

(3) రిలే, ఫ్యూజు: 55 వాట్ల దీపాలు రెండు వెలిగించాలంటే 12 ఓల్టుల బ్యాటరీ నుంచి సుమారు 9 ఆంపియర్లు కావాలి. ఆ భారమంతా కన్సోల్‌లోని చిన్న స్విచ్చు మీద వేస్తే అది కరిగిపోవచ్చు. స్విచ్చు రిలేను మాత్రమే నడిపిస్తే, పెద్ద కరెంటు ఇంజను గదిలోనే రిలే గుండా పోతుంది. ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టాలి. దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరుకు రక్షణ ఉండదు. లోహపు రంధ్రం గుండా వైరు పోయే చోట రబ్బరు రింగు వేయాలి. లేకపోతే అదురుకు పైపొర తెగిపోతుంది.

(4) ఎయిర్‌బ్యాగు: ఎయిర్‌బ్యాగులు వచ్చాక డ్యాష్‌బోర్డు పైభాగం, స్తంభాలు స్వేచ్ఛగా వాడుకునే స్థలాలు కాకుండా పోయాయి. బ్యాగు విచ్చుకునే దారిలో ఉన్న మీటరు మనిషి మీదకు విసిరిన రాయితో సమానం. కన్సోల్ వైపు మళ్లీ మొగ్గు చూపడానికి ఇదీ ఒక కారణం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
(అ) బి-17 అనుభవం నుంచి కార్ల రూపకర్తలు నేర్చుకోదగిన పాఠం ఏమిటి?
(ఆ) అమ్మీటరు స్థానంలో ఓల్టు మీటరు ఎందుకు వచ్చింది?

9.9 తెరల కాలం

1986లో బ్యూయిక్ రివియేరా కారు మధ్య ఫలకంలో తాకితే పనిచేసే చిన్న తెర వచ్చింది. అదే ఏడాది బాష్ సంస్థ 'క్యాన్' అనే సమాచార వ్యవస్థను ప్రకటించింది. ఒక్కో పనికి ఒక్కో వైరు కాక, ఒకే జత వైర్ల మీద అనేక పరికరాలు మాట్లాడుకునే పద్ధతి ఇది. అమెరికాలో 1996 మోడల్ నుంచి ప్రతి కారులోనూ ఓబీడీ-2 అనే ప్రామాణిక సాకెట్టు తప్పనిసరి అయింది. కాలుష్య నియంత్రణ కోసం పెట్టిన ఈ సాకెట్టు అనుకోకుండా వాహనప్రియులకు వరమైంది. ఇంజను కంప్యూటరుకు తెలిసిన వేడి, వేగం, గాలి ఒత్తిడి వంటి అంకెలు రంధ్రం చేయకుండా, గొట్టం లాగకుండా చేతికి అందాయి. 1999లో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కారు డ్యాష్‌బోర్డు మధ్యలోని తెర మీద టర్బో ఒత్తిడిని, ఆయిల్ వేడిని చూపింది. ఒకప్పుడు కుర్రవాళ్లు సొంతంగా అమర్చుకున్న మీటర్లే అవి.

2012లో టెస్లా మోడల్ ఎస్ 17 అంగుళాల తెరతో వచ్చింది. 2017 నాటి మోడల్ 3లో స్టీరింగు వెనుక మీటర్లే లేవు. వేగం కూడా మధ్య తెర మీదే కనిపిస్తుంది. చాలా కంపెనీలు ఇదే బాట పట్టాయి. వేలితో తడిమి గుర్తుపట్టే స్విచ్చు స్థానంలో, చూస్తేగాని తెలియని నునుపైన గాజు వచ్చింది. చాపానిస్ కనుగొన్న లోపమే మరో రూపంలో తిరిగివచ్చిందన్నమాట.

స్వీడన్‌కు చెందిన 'వీ బిలాగరె' అనే పత్రిక 2022లో దీన్ని పరీక్షించింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ నాలుగు మామూలు పనులు చేయాలి. బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో ఆ పనులకు పది సెకన్లు పట్టింది. ఈలోగా కారు 306 మీటర్లు పోయింది. తెరలున్న కొత్త కార్లలో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టిన కారు అదే పనికి 1,372 మీటర్లు ప్రయాణించింది. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ, 2026 నుంచి వర్తించే నియమాలలో ఇండికేటర్లు, ప్రమాద సూచిక దీపాలు, వైపర్లు, హారను, అత్యవసర పిలుపు అనే ఐదింటికి చేతితో నొక్కే సాధనాలుంటేనే పూర్తి గుర్తింపు ఇచ్చే ఏర్పాటు చేసింది. బటన్ వెనక్కి వస్తోంది.

9.10 మన దేశంలో

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో స్పీడోమీటరుకు ప్రత్యేక నియమం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహనాలలో మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఒక తీర్పులో స్పష్టం చేసింది. 'నా బండి, నా ఇష్టం' అనే మాటకూ, రోడ్డు మీద నడిచే ఇతరుల భద్రతకూ మధ్య ఉన్న పాత తగవే ఇక్కడా కనిపిస్తుంది.

అయితే ఈ చరిత్ర చట్టాల్లోనే లేదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల, మీ పట్టణంలోని ఆటో ఎలక్ట్రీషియన్ల దుకాణాలలో, మనుషుల జ్ఞాపకాలలో ఉంది. దానికి లిఖిత ఆధారాలు తక్కువ. కాబట్టి ఈ కింది పని చేయండి.

కార్యకలాపం: మీకు తెలిసిన ఒక పాత వాహనాన్ని పరిశీలించండి. కంపెనీ ఇచ్చిన మీటర్లు, స్విచ్చులు ఒక పట్టికలో, తరువాత చేర్చినవి మరో పట్టికలో రాయండి. చేర్చిన ప్రతిదానికీ మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు పెట్టించారు? ఏ అవసరానికి? ఇప్పుడు అది పనిచేస్తోందా? వీలైతే దాన్ని అమర్చిన మెకానిక్కుతో మాట్లాడి, ఆయన అనుమతితో, ఆయన మాటల్లోనే రెండు పుటలు రాసుకోండి. వాడకంలో లేని స్విచ్చు కూడా ఆధారమే. ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని అవసరాన్ని అది చెబుతుంది.

9.11 సారాంశం

గుర్రపు బగ్గీ బురద పలక మోటారు కారులో మీటర్ల ఫలకమైంది. వేగ పరిమితులు, ఇంజను వేడి, ఆయిల్ ఒత్తిడి వంటి అవసరాలు ఒక్కొక్క మీటరును తెచ్చాయి. తయారీదారులు ముళ్లను తీసి దీపాలు పెట్టినప్పుడు, యజమానులు సొంతంగా మీటర్లు చేర్చుకున్నారు. సెంటర్ కన్సోల్ ఆ ప్రయత్నానికి వేదికైంది. ఒకేలా ఉన్న మీటలు, పొడుచుకు వచ్చిన గుబ్బలు చేసిన హాని నుంచి భద్రతా నియమాలు పుట్టాయి. నేటి తెరలు సమాచారాన్ని పెంచాయి కాని, డ్రైవరు చూపును రోడ్డు మీద నుంచి మళ్లించాయి. తెలుసుకోవాలనే కోరిక, క్షేమంగా ఇల్లు చేరాలనే అవసరం – ఈ రెండింటి మధ్య సర్దుబాటే ఈ చరిత్ర. అది ఇంకా ముగియలేదు.

9.12 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. (అ) గుర్రం గిట్టలు చిమ్మే బురదను అడ్డుకునే పలక పేరు నుంచి. (ఆ) సీటు ఎత్తి, ట్యాంకులో పుల్ల ముంచి.
2. (అ) పెంచిన శక్తి వల్ల ఇంజను వేడి, ఆయిల్ మీద భారం పెరిగాయి కాబట్టి. (ఆ) ముల్లు మార్పును ముందే చూపుతుంది. దీపం ముప్పు వచ్చాక వెలుగుతుంది.
3. (అ) వేర్వేరు పనులు చేసే మీటలు చేతి స్పర్శకే వేరుగా తెలియాలి. (ఆ) పెరిగిన కరెంటు మొత్తం అమ్మీటరు గుండా పోవడం అగ్ని ప్రమాదానికి దారితీయగలదు. ఓల్టు మీటరుకు స్వల్ప కరెంటు చాలు.

9.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మోటారు కారులో మీటర్ల ఆవిర్భావ వికాసాలను వివరించండి.
2. 1966 అమెరికన్ భద్రతా చట్టం కారు లోపలి స్విచ్చుల రూపాన్ని ఎలా ప్రభావితం చేసిందో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మోటోమీటరు
2. హాట్ రాడ్ యువకులు, యంత్ర జ్ఞానం
3. తెరలు, బటన్ల వివాదం

9.14 పదకోశం

సెండర్: ఇంజను లేదా ట్యాంకు దగ్గర ఉండి, కొలతను విద్యుత్ సంకేతంగా మీటరుకు పంపే భాగం.
రిలే: చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే విద్యుత్ స్విచ్చు.
టాగుల్ స్విచ్చు: పైకీ కిందికీ వేసే పొట్టి మీట గల స్విచ్చు.
రాకర్ స్విచ్చు: ఒక అంచు నొక్కితే మరో అంచు లేచే చదునైన స్విచ్చు.
ప్రామాణీకరణ: కొలతలు, ఆకారాలు అందరికీ ఒకేలా నిర్ణయించడం.